'ఆరు మంచాలకు ఒక నర్సు' అంటే రాత్రి వార్డులో ఎంతమంది?

శ్రీకాకుళం జిల్లాలో ఏ ప్రభుత్వాసుపత్రి వార్డులోనైనా ఒక రాత్రి గడిపినవాళ్లకు ఈ కేక కొత్త కాదు. "సిస్టరమ్మా, సెలైను అయిపోతంది, ఓపాలి సూడమ్మా!" వార్డు ఆ చివర నుంచి జవాబు వస్తుంది: "వస్తన్నా బావు, ఇంజెక్షను కలుపుతున్నాను." పది నిమిషాలకు మళ్లీ అదే కేక, ఈసారి కాస్త గట్టిగా.

తెల్లారాక మంచం పక్కనున్న మనిషి ఇంటికి ఫోను చేసి "రాత్రంతా పిలిచినా పట్టించుకున్న నాథుడు లేడు" అంటాడు. అదే వేళకు డ్యూటీ దిగుతున్న సిస్టరు తన తోటి ఉద్యోగితో "రాత్రి ఎనిమిదికి నిలబడ్డాను, ఇప్పటిదాకా కూర్చోలేదు" అంటుంది. ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు.

రెండు మాటలూ ఒకేసారి ఎలా నిజమవుతాయో తెలియాలంటే ఒక చిన్న లెక్క విప్పాలి. నర్సుల కొరత గురించి వార్త వచ్చినప్పుడల్లా 1:3, 1:6 అని అంకెలు కనిపిస్తాయి. చూడ్డానికి అవి మూడో తరగతి లెక్కల్లా ఉంటాయి. విప్పబోతే మాత్రం జీతాల బిల్లు, సెలవుల రూల్సు, కోర్టు తీర్పులు ఒక్కొక్కటిగా బయటికొస్తాయి.

## సిస్టర్ అని పిలిచేవాళ్లలో ఎందరు నర్సులు

వార్డులో యూనిఫాం వేసుకున్న ప్రతి ఆడమనిషినీ మనం సిస్టర్ అనే పిలుస్తాం. పాత తరం వాళ్లయితే నర్సమ్మ అంటారు. ఆ పిలుపు వెనక నాలుగైదు రకాల ఉద్యోగాలున్నాయి.

ఏఎన్‌ఎం రెండేళ్ల చదువు. ఊళ్లలో టీకాలు, గర్భిణుల నమోదు, ఇంటింటి సర్వేలు ఎక్కువగా వీళ్ల పనే. జీఎన్‌ఎం మూడేళ్ల డిప్లొమా, బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్ల డిగ్రీ. ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు కావాలంటే ఈ రెండింటిలో ఒకటి ఉండాలి. కేంద్ర ప్రభుత్వ ఆసుపత్రుల్లో స్టాఫ్ నర్సు అనే పేరు తీసేసి నర్సింగ్ ఆఫీసర్ అంటున్నారు. వీళ్ల పైన హెడ్ నర్సు, ఆ పైన నర్సింగ్ సూపరింటెండెంట్ ఉంటారు. ఊరి క్లినిక్‌లో కూర్చునే ఎంఎల్‌హెచ్‌పీలు కూడా నర్సింగ్ చదివి వచ్చినవాళ్లే. స్ట్రెచర్ తోయడం, బెడ్‌పాన్ పెట్టడం, రోగిని పక్కకు తిప్పడంలాంటి పనులకు ఎఫ్‌ఎన్‌ఓలు, ఎమ్‌ఎన్‌ఓలు అని ఆర్డర్లీలు వేరేగా ఉంటారు. ఇక నర్సింగ్ కాలేజీ ఉన్నచోట పొద్దున్నే గుంపుగా వచ్చే విద్యార్థినులు సరేసరి.

ఈ తేడాలన్నీ ఎందుకు చెప్పానంటే, "పగలు పది మంది తిరుగుతుంటారు కదా, రాత్రి ఏమైపోయారు?" అని చాలామంది అడుగుతారు. పగలు కనిపించిన పదిమందిలో ఆరుగురు విద్యార్థినులు, ఇద్దరు ఆర్డర్లీలు కావచ్చు. ఇంజెక్షను చేసి, కేస్ షీటులో సంతకం పెట్టి, తేడా వస్తే సంజాయిషీ చెప్పుకోవాల్సిన మనుషులు ఇద్దరే. సాయంత్రం కాలేజీ బస్సు వెళ్లిపోగానే వార్డు అసలు బలం బయటపడుతుంది.

## ఒకే నిష్పత్తి, 7 మంది కావచ్చు, 22 మంది కావచ్చు

మన దేశంలో ఈ విషయంలో ఒకటికి మించి కొలతలున్నాయి. బోధనాసుపత్రి సాధారణ వార్డులో 3 మంచాలకు ఒక నర్సు ఉండాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చెబుతుంది. కేంద్ర ఆర్థిక శాఖ కింద పనిచేసిన స్టాఫ్ ఇన్‌స్పెక్షన్ యూనిట్ 1990ల మొదట్లో సాధారణ వార్డుకు 6 మంచాలకు ఒకరని లెక్క వేసింది. ఐసీయూలో వెంటిలేటర్ మీదున్న రోగికి ఒక నర్సు ఉండాలన్న దానిమీద మాత్రం పెద్దగా పేచీ లేదు.

ఇప్పుడు 30 మంచాల వార్డు ఒకటి ఊహించుకుందాం. 1:6 ప్రకారం 5 మంది నర్సులు కావాలి. ఇంతవరకూ ఎవరికీ అనుమానం రాదు. కానీ ఆ 5 మంది ప్రతి షిఫ్టులో ఉండాలా, మొత్తం రోజంతటికీ కలిపి 5 పోస్టులా? నిష్పత్తి చెప్పేవాళ్లలో ఈ సంగతి విప్పి చెప్పేవాళ్లు తక్కువ.

దీనికి సెలవుల లెక్క కలుస్తుంది. వార్డుకు ఆదివారం ఉండదు, సంక్రాంతి ఉండదు. నర్సుకు ఉంటుంది, ఉండాలి. ఏడాదిలో వారపు సెలవులు 52, క్యాజువల్ లీవు 15, ఆర్జిత సెలవు 30, పండుగలకు ఒక 16 వేసుకుందాం. మొత్తం 113. 365లో తీసేస్తే ఆమె పనిచేసేది 252 రోజులు. అంటే ఏడాది పొడవునా ఒక కుర్చీలో ఒక మనిషి కనిపించాలంటే 365ని 252తో భాగించినంత, దాదాపు 1.45 మంది ఉద్యోగులు కావాలి. స్టాఫ్ ఇన్‌స్పెక్షన్ యూనిట్ కూడా సెలవులు, వారపు ఆఫ్‌ల కోసం అదనంగా 45 శాతం పోస్టులు కలపమన్నది ఇందుకే. ప్రసూతి సెలవు కూడా ఆ 45లోనే సర్దుకోవాలి.

మొదటి అర్థం తీసుకుంటే షిఫ్టుకు 5, మూడు షిఫ్టులకు 15 కుర్చీలు. 1.45తో గుణిస్తే 22 మంది. రెండో అర్థం తీసుకుంటే 5 పోస్టులకు 45 శాతం కలిపి 7 మంది. కాగితం మీద రెండూ 1:6 అనే ఉంటాయి, జీతాల బిల్లు మాత్రం మూడింతలు తేడా. ఆర్థిక శాఖ ఎటు మొగ్గుతుందో చెప్పక్కర్లేదు.

7 మందే ఉన్న వార్డులో ఏ రోజు చూసినా డ్యూటీలో ఉండేది 5 మందికి మించరు. ఉదయం 8 నుంచి 2 దాకా ఇద్దరు. రెండు నుంచి రాత్రి 8 దాకా ఇద్దరు. రాత్రి 8 నుంచి పొద్దున 8 దాకా, పన్నెండు గంటలకు, ఒక్కరు. అప్పుడు నిష్పత్తి 1:30. జ్వరాల కాలంలో మంచానికి ఇద్దరు పడుకుంటే, కింద చాపలు పరిస్తే, 1:40. ఆ ఏడుగురిలో ఒకామె 180 రోజుల ప్రసూతి సెలవుపై వెళ్లి, బదులు ఎవరూ రాకపోతే మిగిలినవాళ్లకు నైట్ ఆఫ్ కూడా దొరకదు.

మన మండలాలకు దగ్గరగా ఉండే ఉదాహరణ కూడా చూద్దాం. 2012 నాటి జాతీయ ప్రజారోగ్య ప్రమాణాలు 30 పడకల సామాజిక ఆరోగ్య కేంద్రానికి కనీసం 10 మంది స్టాఫ్ నర్సులు ఉండాలన్నాయి. పదినీ 1.45తో భాగిస్తే రోజుకు 7 మంది లేరు. ఉదయం ముగ్గురు, మధ్యాహ్నం ఇద్దరు, రాత్రి ఇద్దరనుకోండి. రాత్రి ఆ ఇద్దరే వార్డు, పురుళ్ల గది, క్యాజువాలిటీ చూసుకోవాలి. ఒకామె పురిటి నొప్పుల దగ్గర నిలబడ్డాక పాము కరిచిన మనిషిని తీసుకుని 108 వచ్చిందంటే వార్డులో ఎవరూ ఉండరు. ఆ ఆరోగ్య కేంద్రంలో పోస్టులన్నీ నిండుగా ఉన్న రోజు సంగతి ఇది.

## పన్నెండు గంటల్లో 720 నిమిషాలు

30 మంది రోగులున్న వార్డులో ఒంటరిగా నైట్ డ్యూటీ చేస్తున్న నర్సుకు ఏమేం పనులుంటాయో నిమిషాల్లో వేసి చూద్దాం. ఇవి నా ఉజ్జాయింపు అంకెలు. ఎవరి వార్డును బట్టి వాళ్లు మార్చుకోవచ్చు.

జ్వరం, నాడి, శ్వాస, బీపీ చూసి టీపీఆర్ చార్టులో వేయడానికి మనిషికి 4 నిమిషాలు. 30 మందికి రాత్రి రెండుసార్లు చూస్తే 240 నిమిషాలు. ఇంజెక్షన్లున్నవాళ్లు 20 మంది అనుకుంటే, మందు చూసుకోవడం, పౌడరును నీళ్లతో కలపడం, క్యాన్యులా పనిచేస్తోందో లేదో చూసి మెల్లగా ఎక్కించడం, మనిషికి 6 నిమిషాల చొప్పున రెండు విడతలకు మరో 240. కొత్తగా ముగ్గురు చేరితే ఒక్కొక్కరికి అరగంట, 90. కేస్ షీట్లు, రిజిస్టర్లు, మందుల ఇండెంట్లకు మనిషికి 3 నిమిషాలు వేసినా 90. డ్యూటీ ఎక్కేటప్పుడు ఒక అరగంట, దిగేటప్పుడు ఒక అరగంట వార్డు అప్పగింతకు, 60.

కూడితే 720. సరిగ్గా పన్నెండు గంటలు.

ఇందులో అన్నం తినడం లేదు. బాత్రూముకు వెళ్లడం లేదు. అయిపోయిన సెలైను మార్చడం, వాంతి చేసుకున్న పెద్దాయన దగ్గరికి పరిగెత్తడం, డ్యూటీ డాక్టరుకు ఫోను చేసి ఆయన వచ్చేదాకా నిలబడటం లేదు. చనిపోయిన మనిషి ఇంటివాళ్లతో మాట్లాడటం అసలే లేదు. ఇవన్నీ ప్రతి రాత్రీ ఉంటాయి. కాబట్టి పై పనుల్లో ఏదో ఒకటి వదలాలి.

ఏది వదులుతారు? ఇంజెక్షను వదిలితే రోగి మనుషులు అడుగుతారు. రిజిస్టరు వదిలితే పొద్దున పైఅధికారులు అడుగుతారు. రాత్రి రెండింటికి నాడి చూడకపోతే ఎవరూ అడగరు. అందుకే ఆ పనికే కోత పడుతుంది. నర్సింగ్ పరిశోధనలో ఇలా జారిపోయిన పనుల్ని విడిగా లెక్కించే పద్ధతి ఉంది. ఏ దేశంలో చూసినా మొదట జారేవి ఇవే: రోగితో మాట్లాడటం, నోరు శుభ్రం చేయించడం, పక్కకు తిప్పడం, ఊపిరి లెక్కపెట్టడం.

చార్టు మాత్రం ఖాళీగా ఉండదు. ఇది చెప్పడానికి కాస్త ఇబ్బందిగా ఉన్నా చెప్పాలి. వరుసగా పది మంది రోగులకు రాత్రి రెండింటికి జ్వరం 98.4, నాడి 80, బీపీ 120/80 అని ఒకే చేతిరాతతో కనిపిస్తే, ఆ వార్డులో రెండింటికి ఎవరూ ఎవరినీ చూడలేదని అనుభవమున్న ఏ డాక్టరైనా పట్టేస్తాడు. తప్పు తప్పే. కానీ నిండిన చార్టు కావాలని అడిగి, నింపడానికి పట్టే నిమిషాలు ఇవ్వని చోట ఆ తప్పు ఒక్కరిది కాదు.

## నాడి చూస్తే ఏమొస్తుంది

"మందు ఇచ్చేది డాక్టరు, కోసేది డాక్టరు, నర్సు నాలుగు అంకెలు రాసుకుంటే ఒరిగేదేముంది?" అని ఎవరైనా అడిగితే పురుళ్ల గది దగ్గర మొదలుపెట్టొచ్చు.

మామూలు కాన్పు తర్వాత అర లీటరు దాటి రక్తం పోతే దాన్ని ప్రమాదంగా లెక్కిస్తారు. అందుకే మొదటి రెండు గంటలు ప్రతి 15 నిమిషాలకూ తల్లిని చూడాలి: నాడి ఎంత, బీపీ ఎంత, పొట్ట మీద చెయ్యి వేస్తే గర్భసంచి గట్టిగా తగులుతోందా, కింద గుడ్డ ఎంత తడిసింది. రెండు గంటల్లో 8 సార్లు. ఒక్కోసారికి 5 నిమిషాలనుకుంటే ఒక తల్లికి 40 నిమిషాలు. ఒకే వేళకు ముగ్గురు కాన్పయితే 120 నిమిషాలు, అంటే ఆ రెండు గంటలూ పూర్తిగా వాళ్లకే. నాలుగో ఆమెకు నొప్పులు మొదలయ్యాయంటే ఎవరో ఒకరిని వదలాలి.

వయసులో ఉన్న మనిషి శరీరం రక్తం పోతున్నా చాలాసేపు తట్టుకుంటుంది. గుండె వేగం పెంచి బీపీని నిలబెడుతుంది. రాత్రి ఎనిమిదికి 88 ఉన్న నాడి తొమ్మిదికి 104, తొమ్మిదిన్నరకు 118 అయిందనుకోండి. అప్పటికీ బీపీ మామూలుగానే ఉండొచ్చు, ఆమె మనతో మాట్లాడుతూనే ఉండొచ్చు. ఆ మూడు అంకెలు వరుసగా చూసిన కళ్లకు మాత్రం ఏదో జరుగుతోందని తెలిసిపోతుంది. చూడనివాళ్లకు బీపీ పడిపోయి మనిషి చల్లబడ్డాకే తెలుస్తుంది. "కేజీహెచ్‌కి తీసుకెళ్లిపోండి" అనే మాట వినిపించేది అప్పుడే. ఇచ్ఛాపురం నుంచి శ్రీకాకుళానికే 100 కిలోమీటర్ల పైన. అక్కడి నుంచి కేజీహెచ్ ఉన్న విశాఖకు మరో 100. ముందు పోయిన గంటను ఆ దారిలో ఏ అంబులెన్సూ వెనక్కి తేలేదు.

ఈ చూడటానికి ఎంత విలువుందో అంకెల్లో పట్టుకోవాలని పరిశోధకులు చాలా ప్రయత్నించారు. అందులో ఎక్కువగా చెప్పుకునేది 2002లో అమెరికా పెన్సిల్వేనియాలోని 168 ఆసుపత్రుల మీద లిండా ఐకెన్ బృందం చేసిన అధ్యయనం. ఆపరేషన్ అయిన రోగుల్లో, నర్సుకు ఒక్కో రోగి పెరిగేకొద్దీ 30 రోజుల్లో మరణించే అవకాశం 7 శాతం చొప్పున పెరిగినట్టు తేలింది. చక్రవడ్డీలాగ చూస్తే నలుగురు రోగులున్న నర్సుకూ ఎనిమిది మంది ఉన్న నర్సుకూ మధ్య తేడా 31 శాతం. 2014లో తొమ్మిది యూరప్ దేశాల ఆసుపత్రుల్లో చూసినా అదే 7 శాతం వచ్చింది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఇవి రెండు విషయాలు కలిసి నడుస్తున్నాయని చెప్పే అధ్యయనాలు. నర్సులు ఎక్కువ ఉన్న ఆసుపత్రిలో పరికరాలు, డాక్టర్లు, డబ్బు కూడా ఎక్కువే ఉండొచ్చు. పరిశోధకులు వాటిని వేరుచేసి చూడాలని ప్రయత్నిస్తారు గానీ పూర్తిగా విడదీయడం కష్టం. పైగా వాళ్లు పోల్చింది నలుగురికీ ఎనిమిది మందికీ మధ్య. మన 1:30ను ఆ సూత్రంలో పెట్టి మరణాల శాతం లాగితే అది లెక్క కాదు, జోస్యం. దిశ ఎటో మాత్రం ఆ అధ్యయనాల వల్ల తెలుస్తుంది.

## అంకెను చట్టంలో రాసేస్తే

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం 1999లో చట్టం చేసి 2004 నుంచి అమలు చేసింది. సాధారణ వార్డులో 2005 నుంచి నర్సుకు 5 మందికి మించి రోగులు ఉండకూడదన్నారు. ఆ చట్టంలో నాకు ముఖ్యమనిపించిన మాట 5 కాదు, "అన్ని వేళలా". నర్సు టీ తాగడానికి వెళ్లిన పావుగంటలో కూడా ఆ నిష్పత్తి తప్పకూడదు. మన 7, 22 గందరగోళానికి అక్కడ తావు లేదు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్రం 2016లో పగలు 1:4, రాత్రి 1:7 అని విడిగా చెప్పింది. అక్కడ నిష్పత్తి పెట్టిన ఆసుపత్రుల్నీ పెట్టనివాటినీ పోల్చిన అధ్యయనం 2021లో వచ్చింది. పెట్టినచోట మరణాలు, మళ్లీ చేరడాలు తగ్గాయని, రోగులు త్వరగా ఇంటికి వెళ్లడంవల్ల మిగిలిన సొమ్ము అదనపు నర్సుల జీతాలకు రెట్టింపు దాకా వచ్చిందని అది చెప్పింది.

చట్టం వద్దనేవాళ్ల వాదన కూడా తీసిపారేసేది కాదు. ఆసుపత్రులు నడిపేవాళ్లు అనేది ఏమంటే, అందరు రోగులూ ఒకటి కాదు. హెర్నియా ఆపరేషనై రేపు ఇంటికెళ్లే మనిషినీ, పక్షవాతంతో నిన్న చేరిన మనిషినీ చెరొక అంకెగా వేస్తే ఎలా? రోగి తీవ్రతను బట్టి ఏ షిఫ్టుకు ఎంతమంది కావాలో ఇన్‌ఛార్జి సిస్టరు తేల్చాలి గానీ చట్టం కాదంటారు. ఇంకొందరి భయం వేరు. కనీసం అని రాసిన అంకె కొన్నాళ్లకు గరిష్ఠమై కూర్చుంటుంది, నర్సులను పెంచిన యాజమాన్యం ఆర్డర్లీలను తగ్గిస్తుంది, బెడ్‌పాన్ కూడా నర్సు మీదే పడుతుంది. చిన్న ఊరి నర్సింగ్‌హోము యజమాని మరో ప్రశ్న వేస్తాడు: మనుషులు దొరకనిచోట చట్టం తెచ్చి ఏం లాభం, మంచాలు మూసుకోవడం తప్ప?

ఆఖరి ప్రశ్నకు నర్సుల సంఘాల జవాబు సూటిగా ఉంటుంది. చదివినవాళ్లు లేక కాదు, ఆ జీతానికి, ఆ డ్యూటీలకు ఉండేవాళ్లు లేక. శ్రీకాకుళం, విజయనగరం నుంచి నర్సింగ్ చదివిన ఆడపిల్లలు విశాఖకో హైదరాబాదుకో వెళ్తారు. అక్కడి నుంచి గల్ఫ్‌కో జర్మనీకో దారి వెతుక్కుంటారు. ఈ సంగతి మన ఊళ్లలో ఎవరిని అడిగినా చెబుతారు.

మన దగ్గర ప్రస్తుతం ఉన్నవి ఎక్కువగా ప్రమాణాలు, మార్గదర్శకాలే. 1947 నాటి నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో పార్లమెంటు 2023లో నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం చేసింది. అది ప్రధానంగా చదువు, రిజిస్ట్రేషను, వృత్తి ప్రమాణాల గురించినది. వార్డులో రాత్రి ఎంతమంది ఉండాలన్నది దాని పని కాదు. ఆరోగ్యం రాష్ట్ర జాబితాలోది కాబట్టి ఆ బరువు రాష్ట్రాల మీదే ఉంది.

## ఒకే టేబులు, మూడు రకాల జీతాలు

వార్డు టేబులు దగ్గర ముగ్గురు నర్సులు కూర్చుంటే ఒకరు రెగ్యులర్, ఒకరు కాంట్రాక్టు, ఒకరు ఔట్‌సోర్సింగ్ కావచ్చు. చేసే ఇంజెక్షను ఒకటే. మొదటామెకు పే స్కేలు, ఇంక్రిమెంటు, సెలవులు ఉంటాయి. రెండో ఆమెకు ఏడాదికోసారి రెన్యువల్ టెన్షన్. మూడో ఆమె అసలు ఆసుపత్రి ఉద్యోగి కాదు, మధ్యలో ఇంకో సంస్థ ఉంటుంది.

ఈ విషయంలో సుప్రీంకోర్టు తీర్పులు రెండు వైపులకూ లాగుతాయి. 2006లో ఉమాదేవి కేసులో, తాత్కాలికంగా చేరినవాళ్లు పర్మినెంటు చేయమని హక్కుగా అడగలేరంది. 2016లో జగ్‌జీత్ సింగ్ కేసులో, తాత్కాలిక ఉద్యోగి అయినా అదే పని చేస్తుంటే సమాన వేతన సూత్రం వర్తిస్తుందంది. ప్రభుత్వాలు మొదటిదాన్ని చూపిస్తాయి, ఉద్యోగులు రెండోదాన్ని. కేంద్ర పథకాల డబ్బుతో నడిచే పోస్టులు పథకంతోపాటే పోతాయి, వాటిని ఎలా పర్మినెంటు చేస్తామన్నది అధికారుల మాట. పథకం పేరు మారుతుందే గానీ పురుళ్లు ఆగవు కదా అన్నది నర్సుల మాట.

ప్రైవేటు సంగతికొస్తే, 2016లోనే సుప్రీంకోర్టు ఆదేశంతో కేంద్రం ఒక కమిటీ వేసింది. 200 పడకలు దాటిన ఆసుపత్రి ప్రభుత్వ నర్సుతో సమానంగా జీతం ఇవ్వాలి. 100 నుంచి 200 వరకైతే 10 శాతానికి మించి తగ్గకూడదు, 50 నుంచి 100 వరకైతే 25 శాతానికి మించి తగ్గకూడదు. 50 లోపైనా 20,000 రూపాయలకు తగ్గొద్దు. ఇవీ ఆ కమిటీ సిఫార్సులు. అమలు చేయాల్సింది రాష్ట్రాలు. మనకు తెలిసిన ఏ నర్సింగ్‌హోములోనైనా ఒక సిస్టరును జీతమెంతమ్మా అని అడిగితే ఆ సిఫార్సు ఎంత దూరం నడిచిందో తెలుస్తుంది.

## ఉద్దానంలో డయాలసిస్ మంచం దగ్గర

కొరత గురించే మాట్లాడుతూ పోతే మంచి వైద్యం ఎలా ఉంటుందో చెప్పకుండానే వ్యాసం అయిపోతుంది. దానికి మన జిల్లాలోనే ఒక చోటుంది.

కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస. కొబ్బరి, జీడి తోటల మధ్య ఉన్న ఈ ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎందుకింత ఎక్కువో ఎవరూ గట్టిగా తేల్చలేదు. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం మొదలయ్యాయి. చుట్టుపక్కల ఆసుపత్రుల్లో కూడా డయాలసిస్ యంత్రాలున్నాయి.

డయాలసిస్ ఒక విడత నాలుగు గంటలు. అరగంటకోసారి బీపీ చూడాలి, ఎందుకంటే ఒంట్లో నీరు తీస్తున్నప్పుడు బీపీ హఠాత్తుగా పడిపోవచ్చు. ఒక మనిషి 5 యంత్రాలు చూసుకుంటుంటే గంటకు 10 సార్లు, అంటే ప్రతి ఆరు నిమిషాలకూ ఒకరి దగ్గరికి వెళ్లాలి. తేలికైన పనేమీ కాదు. కానీ మామూలు వార్డుకీ దీనికీ పెద్ద తేడా ఉంది. ఇక్కడ రోగులు మారరు. వారానికి రెండు మూడుసార్లు అదే మనిషి, చాలాసార్లు అదే మంచం, అదే సిస్టరు. ఏళ్ల తరబడి.

అందుకే అక్కడ ఇలాంటి సంభాషణ వినిపిస్తుంది. బరువు చూసే మెషిన్ దగ్గరే సిస్టరు ఆపుతుంది: "ఏటి బావు, మూడు కేజీలు పెరిగిపోనావు? ఉప్పుసేప తిన్నావేటి?" ఆయన తల దించుకుని "మా సెల్లి పెల్లి గదమ్మా" అంటాడు. ఉప్పు తింటే దాహం, దాహానికి నీళ్లు, నీళ్లు పోయే దారిలేక బరువు. ఆ మూడు కేజీలూ నాలుగు గంటల్లో లాగితే ఆయన బీపీ మూడో గంటకు పడిపోతుందని ఆమెకు తెలుసు. పోయిన దీపావళికి అలాగే జరిగింది. కాబట్టి యంత్రం పెట్టకముందే డాక్టరుకు చెబుతుంది, మూడో గంటకు ఆ మంచం దగ్గరే ఉంటుంది.

ఈ కబురును ఏ రిజిస్టరులోనూ రాయడానికి గడి ఉండదు. 1:5 అనే అంకెలో కూడా కనిపించదు. అదే సిస్టరును నెలకో వార్డుకు మారిస్తే, లేదా కాంట్రాక్టు ముగిసిందని ఇంటికి పంపి కొత్తామెను తెస్తే, నిష్పత్తి అంతే ఉంటుంది, యంత్రాలూ అన్నీ ఉంటాయి. మూడో గంట సంగతి తెలిసిన మనిషి మాత్రం ఉండదు.

## వార్డు గుమ్మం మీద బోర్డు

ఇంగ్లండ్‌లో ఒక ఆసుపత్రిలో రోగుల్ని ఘోరంగా నిర్లక్ష్యం చేసిన వైనం మీద పెద్ద విచారణ జరిగాక 2014 నుంచి ఒక పద్ధతి తెచ్చారు. ప్రతి వార్డు బయట బోర్డు. ఈ షిఫ్టుకు ఎంతమంది నర్సులు ఉండాలి, ఇవాళ ఎంతమంది వచ్చారు. రెండు అంకెలు, లోపలికి వెళ్లే ప్రతి మనిషికీ కనిపించేలా. దానివల్ల నర్సుల సంఖ్య పెరిగిపోయిందని చెప్పలేం, అక్కడా కొరత ఉంది. కానీ ఉండాల్సిందెంత అనేది షిఫ్టు వారీగా రాయక తప్పలేదు కాబట్టి, ఒకే నిష్పత్తికి రెండు అర్థాలు చెప్పే వీలు పోయింది.

మన వార్డుల గుమ్మం మీద కూడా బోర్డు ఉంటుంది. డాక్టర్ల పేర్లు, చూడటానికి వచ్చే వేళలు, చెప్పులు బయట విడవమని, పురుషుల వార్డు, మంచాలు 30 అని పెయింటుతో రాసి ఉంటుంది. కింద ఇంకా జానెడు ఖాళీ ఉంటుంది.